రాత్రి ఆయాసం మీద పేరంటాలు ఫిర్యాదు

రేపల్లె,
20-11-1967.

తెనాలిలో డాక్టరుగిరీ చేస్తున్న సంజీవరావుకి, రేపల్లె చేపల బజారు పేరంటాలు చెప్పి రాయించేది.

నాయనా, నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క మొదట్లోనే ఎందుకు రాయించానంటే, నేను బాగా లేనని నువ్వు చీటీ రాసి మా అప్పారావు చేతిలో పెట్టావు. ఊపిరి గొట్టాలు పాడైపోయాయి, ఇక బజారు మానిపించి ఇంటిపట్టున కూర్చోబెట్టండి అని. వాడు కన్నతల్లి మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు గానీ నీ చీటీ మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని బజారంతా తిప్పుతున్నాడు.

ఈ ఉత్తరం రాస్తున్నది బర్నబాస్ మాస్టారు. మిషను బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నా నోట్లోంచి ఏది వస్తే అదే రాయమన్నాను, సొంత తెలివి కలపొద్దన్నాను. కాబట్టి ఇందులో ఉన్నదంతా నా మాటే అనుకో.

ఇప్పుడు నా వాదన విను. బజారు గాలి నాకు పడదన్నావు. పడకపోతే బజారులోనే కదా పడకూడదు? పొద్దున లేచి మొదటి పీట మీద కూర్చున్నదాన్ని, ఎండ నడినెత్తికొచ్చేదాకా అరుస్తూనే ఉంటాను. బుట్ట ఎత్తితే ఎగపోత వస్తుంది, నాలుగడుగులు తొందరగా వేస్తే వస్తుంది, కాదనను. కానీ పీక నులిమినట్టు వచ్చే ఆ పెద్ద ఆయాసం ఉంది చూడు, అది బజారులో ఒక్కసారన్నా వచ్చిందేమో పక్కపీట వాళ్ళని అడుగు. ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాకే వస్తుంది. అంటే తప్పు బజారుది కాదు, ఇంటిది. ఇంట్లో ఎవరున్నారు? మా కోడలు పోలమ్మ ఉంది. దాని చేతి చేపల పులుసు ఉంది. అందులో వేసే చింతపండుకి పళ్ళు జివ్వుమంటాయి. తెల్లారేసరికి నోరంతా పులుపే.

అందుకని నువ్వు ఇంకో చీటీ రాయి. పేరంటాలు బజారుకెళ్ళొచ్చు, పోలమ్మ చింతపండు మానాలి అని.

నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ సీతారావమ్మకి పాలు పడలేదు. పాలసొర కూర తింటే పడతాయని, రేవుకెళ్ళి వెతికి తెచ్చి మీ దొడ్లో ఇచ్చింది ఎవరు? నువ్వు తాగిన పాలల్లో సగం నా సొరచేపవి. ఆ పాలు తాగి పెరిగి నా పీటకే ఎసరు పెడతావా?

ఇట్లు
పేరంటాలు నిశాని

---

తెనాలి,
27-11-1967.

పేరంటాలు పిన్నికి సంజీవరావు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆసుపత్రిలో నలుగురు రోగుల మధ్య విప్పాను. పాలసొర దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక దగ్గొచ్చింది. మా నర్సు రిబ్కా మంచినీళ్ళు తెచ్చి, "మీక్కూడా ఆయాసమేనా సార్?" అంది.

పిన్నీ, నీ ఊపిరి గొట్టాల సంగతి నేను ఊహించి చెప్పింది కాదు. వీపు మీద గొట్టం పెట్టి విన్నాను. ఏళ్ళ తరబడి పొగ తాగిన ఊపిరితిత్తులు అవి. పొయ్యి పొగో ఇంకే పొగో నువ్వే చెప్పాలి. పాడైన మేరకు అవి మళ్ళీ కొత్తవి కావు. అంతవరకూ నా చీటీ ఖాయం.

కానీ నువ్వన్న రెండో మాట నన్ను పట్టుకుంది. పెద్ద ఆయాసం పడుకున్నాకే ఎందుకు వస్తోంది? నోరు పుల్లగా ఎందుకుంటోంది? ఆ రోజు నిన్ను నేను ఇవి అడగలేదు. నువ్వూ చెప్పలేదు, మా గోడ మీద క్యాలెండరు వంకరగా ఉందని తిట్టడంతోనే సరిపోయింది.

అందుకని తీర్పు ఆపి ఉంచుతున్నాను. శివరాత్రి దాకా నీ పీట నీదే. అప్పారావుకి వేరే కార్డు రాశాను. బదులుగా నువ్వు నాకు నిజాలు చెప్పాలి. రాత్రి ఎంత పొద్దుపోయి తింటావు? తిన్నాక ఎంతసేపటికి పడుకుంటావు? రొమ్ము మధ్యన మంట ఉందా? పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తున్నాయా? దగ్గుకని ఇంట్లో ఏమైనా వాడుతున్నావా? చుట్ట మానేశానన్నావు, నిజమేనా?

పోలమ్మని అప్పుడే బోనెక్కించకు. విచారణ ఇంకా మొదలే కాలేదు.

నీ
సంజీవరావు

---

రేపల్లె,
6-12-1967.

సంజీవికి పేరంటాలు రాయించేది.

నీ కార్డు చూసి అప్పారావు మూతి ముడుచుకున్నాడు. నాకు మాత్రం కడుపు నిండింది. శివరాత్రి కాదు, నువ్వు ఇంకా దూరం పెట్టాల్సింది.

అడిగినవి చెబుతున్నాను. మావాడు పడవ దిగి, వల సర్దుకుని వచ్చేసరికి ఊరు మాటుమణుగుతుంది. వాడు రాకుండా నేను తినను. నా కంచం పక్కన వాడి కంచం ఉండాల్సిందే. తినగానే పడుకుంటాను. పొద్దున్నే లేవాల్సినదాన్ని, తిని కూర్చుని చుక్కలు లెక్కపెట్టుకోనా? మంట ఉందా అంటే ఉంది. రొమ్ము మధ్యన కుంపటి పెట్టినట్టు ఉంటుంది. పడుకున్న కాసేపటికి పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నుతాయి, పొలమారుతుంది, ఇక దగ్గు, దగ్గు వెనక ఆయాసం. లేచి గోడకి ఆనుకుని కూర్చుంటే నెమ్మదిస్తుంది. ఇదంతా పులుసు వల్లే.

దగ్గుకి నేనేమీ వాడను. మిరియాల కషాయం ఒక్కటే. మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు దంచి, బెల్లం వేసి, గ్లాసుడు కాచి పడుకునే ముందు వేడివేడిగా తాగుతాను. కఫం తెగాలంటే ఘాటు ఉండాలి. ఆయాసం ఎక్కువైన రోజున రెండు గ్లాసులు. ఆ తర్వాత నువ్విచ్చిన మాత్ర.

చుట్ట మానేశాను. మాస్టారూ, చుట్ట మానేసిందని రాయి. పొద్దునొకటి, మధ్యాహ్నం అమ్మకం అయ్యాక ఒకటి తాగేది మాత్రం రాయమాక. అవి లెక్కలోకి రావు. అడ్డపొగ కాబట్టి బయటికి పొగే రాదు, నిప్పు నోట్లోనే ఉంటుంది, ఇంకెవరికి నష్టం? ఇదీ రాయమాక. రాశావా? రాయలేదు కదా. సరే.

పోలమ్మ పులుసు సంగతి మర్చిపోమాక. నిన్న కొయ్యింగ చేపలు వండింది. రుచిగానే ఉంది, ముందటి రోజు పులుసు ఇంకా రుచి. అయినా నేరం నేరమే.

ఇట్లు
పేరంటాలు నిశాని

---

తెనాలి,
14-12-1967.

పేరంటాలు పిన్నికి,

ముందుగా బర్నబాస్ మాస్టారికి నా అభినందనలు. నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయమని నువ్వు అన్నావు చూడు, ఆయన మాట తప్పని మనిషి. చుట్టలు రెండూ నాకు చేరాయి. ఇది వినగానే ఆయన మీద పడకు, నేరం నోటిది.

ఇక అసలు సంగతి. మన మెడలో గొట్టాలు రెండు, పక్కపక్కనే. ఒకటి గాలికి, ఒకటి అన్నానికి. అన్నం గొట్టం కింద, కడుపు మూతి దగ్గర, బిగుతుగా ముడుచుకునే కండ ఉంటుంది. అది వదులైతే కడుపులోని పులుపు పైకి తన్నుతుంది. నువ్వు పీట మీద నిటారుగా కూర్చున్నంతసేపూ అది కిందే ఉంటుంది. అందుకే బజారులో రాదు. కడుపు నిండా తిని వెంటనే వెల్లకిలా పడుకుంటే గొంతు దాకా పాకుతుంది. అందులో ఒక్క చుక్క గాలి గొట్టంలోకి జారితే చాలు, అసలే పొగచూరి ఉన్న గొట్టం భగ్గుమని ముడుచుకుపోతుంది. చుక్క జారకపోయినా సరే, అన్నం గొట్టం మండితే దాని పక్కనున్న ఈ గొట్టం ఉలిక్కిపడుతుంది. ఈమధ్య ఒక వైద్య పత్రికలో చదివాను, ఊపిరి జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ పులితేన్పుల గొడవ కూడా ఉంటుందట. ఊపిరి కోసం ఎగబీల్చి ఎగబీల్చి, దగ్గీ దగ్గీ కడుపుని వాళ్ళే పైకి లాగుకుంటారు. అది దీన్ని రెచ్చగొడుతుంది, ఇది దాన్ని.

ఇప్పుడు నీ కషాయం చూడు. ఆయాసం వస్తోందని ఘాటు తాగుతావు. ఘాటు కడుపులో మంట పెడుతుంది. ఆ మంట ఆయాసం తెస్తుంది. మళ్ళీ ఇంకో గ్లాసు. పోలమ్మ పులుసుకి ఇందులో పిసరంత వాటా ఉంది, నీ గ్లాసుకి మాత్రం బుట్టెడు ఉంది. నా మాత్ర కూడా నిర్దోషి కాదు, అదీ కొందరి కడుపులో మంట రేపుతుంది. దాన్ని ఇకనుంచి పొద్దున అన్నం తిన్నాకే వేసుకో.

దీపాలు పెట్టే వేళకే తినెయ్యి. అప్పారావు వచ్చాక వాడి కంచం పక్కన కూర్చో, తినకు. కషాయం వద్దు. చుట్ట అసలే వద్దు, లెక్కలోకి రానివి కూడా. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించు. ఈ ఉత్తరంతో పాలలాంటి తెల్లమందు పంపుతున్నాను, మంటగా ఉన్నప్పుడు ఒక చెంచా.

నీ
సంజీవరావు

---

బాపట్ల,
22-1-1968.

శ్రీయుత సంజీవరావు డాక్టరుగారి దివ్య సముఖమునకు, పేరంటాలు అను వృద్ధవనిత సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా,

తాము సెలవిచ్చిన ప్రకారము పర్యంకము యొక్క శిరోభాగమున ఇష్టికలు అమర్చుకొంటిని. రాత్రి ప్రథమ యామమున శిరస్సు ఊర్ధ్వమున ఉండుట వాస్తవమే గాని, అరుణోదయ సమయమునకు దేహము క్రమముగా జారి,

ఇక్కడిదాకా ఏం రాశాడో చదివి వినిపించమన్నాను. వినిపించాడు. ఆ వృద్ధవనిత ఎవరయ్యా అని అడిగాను. నువ్వేనమ్మా అన్నాడు. నాయనా సంజీవీ, ఈయన వీరరాఘవయ్య, పాత కరణం, మా చెల్లెలు గంగరత్నం ఇంటి పక్కనుంటాడు. ఆ రాతతో నా సరుకు ఒక్క చేపైనా అమ్ముడు పోదు. ఇకనుంచి నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతే లేచిపోతానన్నాను. ఇప్పుడు బుద్ధిగా రాస్తున్నాడు.

ఇటుకల మీద పడుకుంటే తెల్లారేసరికి జారి మంచం కాళ్ళవైపు ముద్దగా ఉంటున్నాను. గంగరత్నం చూసి, అక్కా నువ్వు పడుకున్నావా, పడవ దిగుతున్నావా అంటుంది. కాళ్ళవైపు పట్టెకి ఒక గోనె చుట్ట అడ్డం కట్టించాను. ఇప్పుడు ఆగుతున్నాను.

బాపట్ల ఎందుకొచ్చానంటావా? సంక్రాంతి ముందు చలిగాలికి జ్వరం, దగ్గు ఒక్కసారి పట్టుకున్నాయి. అప్పారావు వారం రోజులు విశ్రాంతి అని చెప్పి బండెక్కించాడు. వారం అయిపోయింది. వాడు తీసుకెళ్ళడానికి రాలేదు.

నీ మాట ప్రకారం పెందలాడే తింటున్నాను. కషాయం మానేశాను. చుట్ట ఇక్కడ దొరకదు, గంగరత్నం దొరకనివ్వదు. పగలంతా బాగుంది. మంట సగం తగ్గింది. కానీ రాత్రి ఆయాసం ఇంకా వస్తూనే ఉంది, మునుపటంత కాకపోయినా. కాబట్టి నీ రెండు గొట్టాల కథ సగమే నిజం.

అసలు మంట వేరే ఉంది. నా పీట మీద పోలమ్మ కూర్చుంటోంది. అది చీమతో కూడా గట్టిగా మాట్లాడదు, నవ్వుకుంటూ ఊరుకుంటుంది. సరుకంతా కుళ్ళబెడుతుందిలే అనుకున్నాను. రేపల్లె నుంచి వచ్చిన సింగయ్య చెప్పాడు, పొద్దెక్కకుండానే బుట్ట ఖాళీ అవుతోందట. కేక లేదు, తిట్టు లేదు. "తీసుకెళ్ళండి పిన్నీ, రొయ్య తాజాగా ఉంది" అంటే జనం తీసుకెళుతున్నారట. ఇన్నేళ్ళూ నేను గొంతు చించుకుని అరిచింది ఎందుకు మరి?

శివరాత్రి దగ్గరికొస్తోంది. నా సంగతేదో తేల్చు.

ఇట్లు
పేరంటాలు నిశాని

---

తెనాలి,
12-2-1968.

పేరంటాలు పిన్నికి,

మొన్న నువ్వు ఎక్సరేకి వచ్చి వెళ్ళినప్పటినుంచి మా ఆసుపత్రిలో నీ పేరే. ఎక్సరేలో కడుపు కనపడడానికి ఇచ్చే వేరే తెల్లమందు తాగమంటే, "గోడలకేసే సున్నం నా చేత తాగిస్తావేంట్రా" అని నువ్వు అరిచిన అరుపుకి కాంపౌండరు సీసా జారవిడిచాడు. బల్ల మీద పడుకోబెట్టి తలవైపు కిందికి వంచినప్పుడు నువ్వు మా వంశంలో ఎవరెవరిని తలుచుకున్నావో నేను విననట్టే ఉన్నాను.

ఫలితం చెబుతాను, కోప్పడకు. ఏమీ కనపడలేదు. తెల్లమందు కడుపులోనే బుద్ధిగా కూర్చుంది, పైకి రాలేదు. తలకిందులు చేసినా రాలేదు. నా రెండు గొట్టాల కథ తప్పేమో అనుకున్నాను. తప్పయితే నీ రాత్రి ఆయాసం ఊపిరితిత్తులదే, బజారు మానాల్సిందే. ఆ మాట ఎలా రాయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అప్పుడు రిబ్కా వచ్చి, "సార్, ఆమె నడుముకున్న కట్టు విప్పించడానికి నాకు తాతలు దిగొచ్చారు" అంది. ఏం కట్టు అన్నాను. జానెడు వెడల్పు గుడ్డ, నాలుగైదు చుట్లు చుట్టి ఉందట, చర్మం మీద దాని వాత పడిందట. విప్పాక కూడా నువ్వు దాన్ని పిడికిట్లో పట్టుకునే బల్లెక్కావట. ఎంత చెప్పినా వదల్లేదట.

పిన్నీ, ఒక్కటే అడుగుతున్నాను. ఆ కట్టు రాత్రి పడుకున్నప్పుడు కూడా ఉంటుందా?

నీ
సంజీవరావు

---

బాపట్ల,
16-2-1968.

డాక్టరు సంజీవరావుకి,

నా నడుముకి ఏముందో నీకనవసరం. మందివ్వడం నీ పని. ఇవ్వు.

పేరంటాలు నిశాని

---

తెనాలి,
19-2-1968.

పిన్నీ,

నీ కార్డు అందింది. దాన్ని బట్టే జవాబు తెలిసింది. ఉంటుంది.

నిండిన తోలుతిత్తికి నడిమధ్య తాడేసి బిగించి, అడ్డంగా పడుకోబెట్టి చూడు. నీళ్ళు ఎటొస్తాయి? మూతి వైపే. ఎక్సరే నాడు నీకు ఆ తాడు లేదు, అందుకే ఏమీ రాలేదు. నువ్వు కషాయం మానావు, చుట్ట మానావు, ఇటుకలెక్కావు. ఒక్క కట్టు మాత్రం విప్పలేదు. అందుకే మంట సగమే తగ్గింది.

పగలు బుట్టెత్తేటప్పుడు నడుముకి ఊతం కావాలి, ఒప్పుకుంటాను. మంచం మీద ఏ బుట్ట ఎత్తుతున్నావు?

నాకు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకు. కానీ నేను డాక్టరుగా అడగడం లేదు. నీ సొరచేప పాలు తాగినవాడుగా అడుగుతున్నాను.

సంజీవి

---

రేపల్లె,
24-2-1968.

సంజీవికి,

నేనే బండెక్కి ఇంటికొచ్చేశాను. అప్పారావు కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఈ ఉత్తరం మాస్టారే రాస్తున్నాడు. చుట్టల సంగతి నీకు చేరవేసినప్పటి నుంచి ఆయనతో మాట్లాడలేదు, ఇప్పుడు అవసరమొచ్చి మాట్లాడుతున్నాను. మాస్టారూ, ఇదీ రాయి.

పాలు అడ్డం పెట్టి అడిగావు కాబట్టి చెబుతున్నాను. బయట ఎవరికన్నా చెబితే తెనాలి వచ్చి నీ క్యాలెండరు చింపేస్తాను.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. పీట అత్త నుంచి కోడలికి వస్తుంది. ఇచ్చానని చెప్పడం ఉండదు, పుచ్చుకున్నానని చెప్పడం ఉండదు. అత్త ఒకనాటి రాత్రి నడికట్టు విప్పి దండెం మీద వేస్తుంది. తెల్లారి కోడలు తీసి కట్టుకుంటుంది. అంతే, పీట మారిపోయినట్టే. మా అత్త అట్టాగే వేసింది, నేను అట్టాగే కట్టుకున్నాను. ఆ తర్వాత ఆవిడ అరుగు మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటూ ఉండేది. అందరూ ఆవిడని పెద్దమ్మా అనేవాళ్ళు, ఎవరూ ఏ మాటా అడిగేవాళ్ళు కాదు. ఏ చేప ఎంత ధర చేస్తుందో ఆవిడకి తెలుసు. అయినా అడిగేవాళ్ళు కాదు.

నాకు ఆయాసం మొదలైన ఏడు నుంచి నేను కట్టు విప్పలేదు. స్నానానికి విప్పినా తలుపేసుకుని పక్కనే పెట్టుకుంటాను. నిద్రలో ఎక్కడన్నా జారితే, అది దండెం మీదకి చేరితే, పోలమ్మ కళ్ళలో పడితే? అందుకని బిగించి కట్టి పడుకుంటాను. ఊపిరి పోతే పోనీ, పీట పోకూడదు అనుకున్నాను.

ఇప్పుడు నువ్వు విప్పమంటున్నావు. విప్పితే ఊపిరుంటుంది, కూర్చోడానికి చోటుండదు. నువ్వయితే ఏం చేస్తావు?

ఇట్లు
పేరంటాలు నిశాని

---

తెనాలి,
శివరాత్రి మర్నాడు.

పేరంటాలు పిన్నికి,

నిన్న జాగారం పేరుతో మెలకువగా కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. గడువు నిన్నటితో తీరింది, కాబట్టి తీర్పు చెప్పాలి.

బజారు మానక్కరలేదు. పీట మీద నిటారుగా కూర్చోవడం నీకు మందే. కాకపోతే బుట్ట ఎత్తకు, ఎండుచేపలు కాల్చే పొగ దగ్గరికి పోకు, ఎండ ముదరకముందే ఇంటికెళ్ళు. చుట్ట ముట్టుకున్నావని తెలిస్తే తీర్పు రద్దు. ఊపిరితిత్తులు ఉన్నంతలో కాపాడుకోవాలి, అవి బాగైపోయాయని నేను అబద్ధం చెప్పను.

నడికట్టు రాత్రి విప్పాలి. ఇందులో మార్పు లేదు. కానీ మీ పద్ధతిని నేను జాగ్రత్తగా చదివాను. దండెం మీద వేస్తేనే కదా పీట మారేది? అయితే దండెం మీద వెయ్యకు. మడతపెట్టి నీ తలగడ కింద పెట్టుకో. నీ తల కింద ఉన్నది ఎవరూ తియ్యలేరు, పైగా తల ఇంకొంచెం ఎత్తులో ఉంటుంది, అది నాక్కావాల్సిందే.

ఇంతకీ ఒక మాట. ఇన్నాళ్ళ నుంచి పోలమ్మ మీద ఇన్ని ఉత్తరాలు రాయించావు. పీట కావాలని ఆ అమ్మాయి ఎప్పుడైనా అడిగిందా?

నీ
సంజీవరావు

---

రేపల్లె,
28-3-1968.

నాయనా సంజీవికి పేరంటాలు రాయించేది.

నీ తలగడ ఉపాయం బాగుంది. ప్లీడరు చదవాల్సినవాడివి. కట్టు తల కింద పెట్టుకుని పడుకున్నాను. మొదటి రాత్రి నడుం బోసిగా ఉండి నిద్ర పట్టలేదు. రెండో రాత్రి పట్టింది. ఆ తర్వాత ఎప్పుడు లేచానో నాకే తెలీదు, కోడి కూసినా వినపడలేదు. దగ్గు పూర్తిగా పోలేదు, పొద్దున కఫం ఉంది, బుట్ట ఎత్తితే ఎగపోత అట్టాగే ఉంది. కానీ ఆ పీక నులిమే ఆయాసం ఒక్కసారే వచ్చింది, అదీ చుట్టాలింట్లో బూరెలు ఎక్కువ తిన్న రోజున.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎన్నడూ అడగలేదు. అడగని మనిషిని ఇన్నాళ్ళూ ఎందుకు తిడుతున్నానో తేల్చుకోవాలనిపించింది. అందుకని మొన్న రాత్రి ఒక పని చేశాను. కట్టు తలగడ కింద పెట్టలేదు. దండెం మీద వేశాను. కావాలనే వేశాను. చూద్దాం దీని బుద్ధి అనుకున్నాను. అని పడుకున్నానే గానీ గుండె దడదడలాడింది. అది నీ పులుపు దడ కాదు.

తెల్లారి లేచి చూస్తే దండెం ఖాళీ.

అంతేలే అనుకున్నాను. మా అత్త అరుగు గుర్తొచ్చింది. చింతగింజలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి అనుకున్నాను. కళ్ళొత్తుకుని బయటికొస్తే, పోలమ్మ పొయ్యి పక్కన కూర్చుని నా కట్టు ఆరబెడుతోంది. ఉతికింది! నేను ఏళ్ళ తరబడి సరిగా ఉతకని కట్టుని కుంకుడుకాయలేసి ఉతికింది.

"ఏంటే ఇది?" అన్నాను.

"వాసనొస్తోందత్తా. రాత్రి నిద్రలో మర్చిపోయి అక్కడేసినట్టున్నావు. అవకాశం దొరికింది కదా అని ఉతికేశా. నువ్వెప్పుడు విప్పుతావా అని ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నానో!"

"దండెం మీద ఎందుకేస్తారో నీకు తెలీదా?"

"తెలుసు. తెలిస్తే?" అంది. అని నా చేతులు పైకెత్తమంది. తనే కట్టింది. చుట్టి చుట్టి రెండు వేళ్ళు లోపల పెట్టి చూసింది.

"ఏంటే ఇంత వదులు? జారిపోతుంది" అన్నాను.

"జారదు. డాక్టరుగారు ఆయనకి రాసిన కార్డులో ఉంది, పగలు కూడా రెండు వేళ్ళు పట్టాలని."

నువ్వు మావాడికి నాకు తెలీకుండా కార్డులు రాస్తున్నావన్నమాట. దాని సంగతి తర్వాత చూస్తాను.

అప్పుడు నేనే అడిగాను. నా పీట మీద కూర్చుని నవ్వుకుంటూ బుట్టలు బుట్టలు అమ్మావట కదా, ఇక నేనెందుకే అన్నాను. అది తల వంచుకుని ముడి సరిచేస్తూ ఏమందో మాస్టారూ, ఉన్నదున్నట్టు రాయి. "అమ్ముడయితే అయింది గానీ అత్తా, ఒక్కడూ మర్యాద ఇవ్వలేదు. చందువ చేపలన్నీ చౌకగా లాక్కుపోయారు. గట్టిగా అనడం నాకు చేతకాదు. నీ పీట పక్కన నాకో చిన్న పీట వేసుకుంటాను. నువ్వు తిట్టు, నేను అమ్ముతాను."

ఇప్పుడు అట్టాగే నడుస్తోంది. మొదటి పీట రెండు పీటలైంది. బేరం తెగకపోతే అది నా వైపు చూస్తుంది. నేను గొంతు సవరించుకుంటాను. అంతే, కొనేవాడు గబగబా సంచీ విప్పుతాడు. అరవాల్సిన పని కూడా పడడం లేదు, ఊపిరి మిగులుతోంది.

చింతపండు మాత్రం తగ్గించింది. పులుసు చప్పగా ఉంటోంది. ఆ నేరం నీదే.

చుట్ట మానేశాను. ఈసారి నిజం. మధ్యాహ్నం ఒకటి తీసి వాసన చూసి మళ్ళీ బొడ్లో పెట్టుకుంటాను. మాస్టారూ, ఇది రాసినా ఫర్వాలేదు.

అప్పారావుతో పండుగప్ప పంపుతున్నాను. పెందలాడే తిను.

ఇట్లు
పేరంటాలు నిశాని